లారెంట్ క్లెర్క్: బధిరుల బడిలో బధిర గురువు

అమెరికాలో బధిర విద్యకు పునాది వేసిన ఇద్దరిలో లారెంట్ క్లెర్క్ ఒకరు. 1785లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి దగ్గరి పల్లెలో పుట్టారు. ఏడాది వయసులో కుర్చీ మీద నుంచి నిప్పుల్లో పడి చెంప కాలింది. ఆ ప్రమాదంతోనే బిడ్డకు వినికిడి పోయిందని ఇంట్లోవాళ్లు నమ్మారు. చెంపపై మిగిలిన మచ్చే తరువాత సైగల్లో ఆయన పేరైంది. రెండు వేళ్లతో చెంపను నిమిరితే క్లెర్క్ అని అర్థం.

క్లెర్క్ పుట్టడానికి కొన్నేళ్ల ముందు వరకు ఐరోపాలో బధిర పిల్లల చదువు చాలావరకు కలిగినవారి ఇళ్లకే పరిమితం. ఈ పరిస్థితిని మార్చినవాడు పారిస్‌లోని అబే ద లెపే అనే మతగురువు. 1760 ప్రాంతంలో ఆయన పేద బధిర పిల్లలకు తన ఇంట్లోనే ఉచితంగా చదువు చెప్పడం మొదలుపెట్టాడు. నగరంలోని బధిరులు తమలో తాము వాడుకునే సైగలను ముందు తాను నేర్చుకున్నాడు. ఫ్రెంచి వ్యాకరణానికి కావలసిన గుర్తులను వాటికి కలిపి పాఠాలు తయారుచేశాడు. 1789లో ఆయన చనిపోయాక విప్లవ ప్రభుత్వం 1791లో ఆ బడి బాధ్యత తీసుకుంది. అబే సికార్ దానికి అధిపతి అయ్యాడు. అక్కడే చదువుకున్న బధిరుడు జాన్ మస్యూ ఉపాధ్యాయుడయ్యాడు.

పన్నెండేళ్ల క్లెర్క్ 1797లో ఆ బడిలో చేరి మస్యూ దగ్గర చదువుకున్నారు. మాటలు పలికించాలని పట్టుబట్టిన ఒక ఉపాధ్యాయుడు, ఉచ్చారణ కుదరలేదన్న కోపంతో గడ్డం కింద కొట్టడంతో నాలుక తెగింది. అప్పటి నుంచి క్లెర్క్ నోటితో మాట్లాడే ప్రయత్నమే మానేశారు. చదువులో మాత్రం ముందుండి, ఇరవయ్యో ఏట అదే బడిలో ఉపాధ్యాయులయ్యారు.

అమెరికాలో బధిర విద్య కథ హార్ట్‌ఫర్డ్ పట్టణంలో మొదలైంది. అక్కడి వైద్యుడు మేసన్ కాగ్స్‌వెల్ కూతురు ఆలిస్‌కు పసితనంలోనే జ్వరం వల్ల వినికిడి పోయింది. కనెక్టికట్ రాష్ట్రంలో ఇలాంటివారు ఎందరున్నారో కాగ్స్‌వెల్ 1812లో చర్చి పెద్దల ద్వారా లెక్క తీయించాడు. 84 మంది తేలారు. బడి పెట్టేటంత అవసరం ఉందని ఆ లెక్క చూపించింది. ఆయన పొరుగింటి యువకుడు, మతవిద్య చదివిన థామస్ గాలాడెట్‌ను 1815లో బోధన పద్ధతి నేర్చుకుని రమ్మని ఐరోపాకు పంపారు.

బ్రిటన్‌లో బధిర విద్య బ్రెయిడ్‌వుడ్ కుటుంబం చేతుల్లో ఉండేది. వాళ్లు తమ పద్ధతిని వ్యాపార రహస్యంలా దాచుకునేవారు. వాళ్ల షరతులు గాలాడెట్‌కు నచ్చలేదు. అదే సమయంలో సికార్ తన శిష్యులైన మస్యూ, క్లెర్క్‌లను వెంటబెట్టుకుని లండన్‌లో ప్రదర్శనలు ఇస్తున్నాడు. అక్కడ పరిచయమైన సికార్ పిలుపుతో గాలాడెట్ 1816లో పారిస్ వెళ్లి కొన్ని నెలలు సైగలు నేర్చుకున్నాడు. తనకు అబ్బిన కొద్దిపాటి విద్యతో బడి నడవదని గ్రహించి, క్లెర్క్‌ను మూడేళ్ల ఒప్పందం మీద తనతో రమ్మని కోరాడు. 1816 జూన్ 18న ఇద్దరూ ఓడ ఎక్కారు. న్యూయార్క్ చేరడానికి 52 రోజులు పట్టింది. దారి పొడవునా క్లెర్క్ సైగలు నేర్పితే గాలాడెట్ ఇంగ్లీషు నేర్పాడు.

తరువాతి నెలల్లో ఇద్దరూ ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. సభికులు అడిగిన ప్రశ్నలకు క్లెర్క్ అప్పటికప్పుడు ఇంగ్లీషులో రాసి జవాబిచ్చేవారు. బధిరుడు ఇంతగా చదువుకోగలడా అని సందేహించిన వారికి ఆ రాతే సమాధానం. రాష్ట్ర శాసనసభ 5,000 డాలర్లు ఇచ్చింది. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరుచుకుంది. ఆలిస్ తొలి విద్యార్థుల్లో ఒకరు. 1819లో అమెరికా కాంగ్రెస్ అలబామాలో సుమారు 23,000 ఎకరాలు కేటాయించడంతో నిధుల కొరత తీరింది.

పాఠం సైగతో మొదలయ్యేది. విషయం అర్థమయ్యాక ఆ మాటను వేలి అక్షరాలతో చూపి, చివరికి పలక మీద రాయించేవారు. క్లెర్క్ తెచ్చిన ఫ్రెంచి సైగలు, విద్యార్థులు ఇళ్ల నుంచి తెచ్చినవి, బధిరులు ఎక్కువగా ఉన్న మార్తాస్ విన్‌యార్డ్ దీవిలోనివి ఆ బడిలో కలిశాయి. వాటి కలయిక నుంచే అమెరికన్ సంజ్ఞా భాష ఎదిగింది. అందుకే అది నేటికీ బ్రిటిష్ సంజ్ఞా భాషకు దూరంగా, ఫ్రెంచి సంజ్ఞా భాషకు దగ్గరగా ఉంటుంది. ఇతర రాష్ట్రాల ఉపాధ్యాయులు కూడా హార్ట్‌ఫర్డ్‌కు వచ్చి శిక్షణ పొందేవారు. ఫిలడెల్ఫియాలో కొత్తగా పెట్టిన బడిని నిలబెట్టడానికి క్లెర్క్ స్వయంగా కొన్ని నెలలు అక్కడ పనిచేశారు. మూడేళ్లకని వచ్చిన మనిషి 41 ఏళ్లు బోధించి 1858లో విరమించారు.

ఆయనకు జరిగిన సత్కారాల్లో విలువైనది పూర్వ విద్యార్థులు చేసినది. థామస్ బ్రౌన్ అనే పూర్వ విద్యార్థి చొరవతో బధిరులే చందాలు వేసుకుని, 1850 సెప్టెంబరు 26న హార్ట్‌ఫర్డ్‌లో గాలాడెట్‌కూ క్లెర్క్‌కూ వెండి కూజాలు, పళ్లాలు బహూకరించారు. దూరప్రాంతాల నుంచి వందలాదిగా బధిరులు తరలివచ్చారు. అంతమంది ఒక్కచోట కలవడం ఆ దేశంలో అంతకు ముందు ఎరగనిది. ఆ కలయిక ఇచ్చిన ఊపుతోనే కొన్నేళ్లకు న్యూ ఇంగ్లండ్ బధిరుల సంఘం ఏర్పడింది. 1864లో వాషింగ్టన్‌లో బధిరుల కళాశాల ప్రారంభమైనప్పుడు వృద్ధుడైన క్లెర్క్ ఆ సభలో పాల్గొన్నారు. అదే నేటి గాలాడెట్ విశ్వవిద్యాలయం. 1869లో క్లెర్క్ కన్నుమూశారు.

ఆయన చూపిన బాట ఎక్కువ కాలం సాగలేదు. 1880లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ సైగలను పక్కనపెట్టి నోటి మాటతోనే బోధించాలని తీర్మానించింది. 160 మందికి పైగా ఉన్న ప్రతినిధుల్లో బధిరుడు ఒక్కడే. 1870 ప్రాంతంలో అమెరికా బధిర పాఠశాలల ఉపాధ్యాయుల్లో సుమారు 40 శాతం బధిరులు కాగా, మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఆ వాటా 15 శాతం లోపుకు పడిపోయింది. సైగలకు కూడా సొంత వ్యాకరణం ఉందని 1960లో విలియం స్టోకీ పరిశోధన నిరూపించాకే గాలి మళ్లింది. 2010లో వాంకూవర్‌లో జరిగిన మహాసభ మిలాన్ తీర్మానాలను తిరస్కరించి విచారం తెలిపింది.

ఇక భారతదేశం విషయానికొస్తే, ఇక్కడ తొలి బధిర పాఠశాల 1885లో బొంబాయిలో మొదలైంది. 1893లో కలకత్తాలో మరొకటి వచ్చింది. ముంబయిలోని జాతీయ వాక్, వినికిడి వైకల్యాల సంస్థకు హైదరాబాదీ అయిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారు. సికింద్రాబాద్‌లో ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2020 జాతీయ విద్యా విధానం సంజ్ఞా భాషను దేశమంతటా ప్రామాణికం చేయాలని చెప్పింది. ఢిల్లీ కేంద్రం సంజ్ఞా భాష బోధనలో బధిరుల కోసం డిప్లొమా కోర్సు నడుపుతోంది. బధిర పిల్లల తరగతిలో బధిర గురువు ఉండాలన్న సూత్రాన్ని క్లెర్క్ రెండు శతాబ్దాల కిందటే ఆచరణలో రుజువు చేశారు. దాన్ని పక్కనపెట్టిన కాలమంతా నష్టపోయింది పిల్లలే.