పదునాలుగవ లూయీ
పదునాలుగవ లూయీ (1638–1715) ఫ్రాన్సు నేలిన బూర్బన్ వంశపు రాజు. 1643 మే 14న, నాలుగేండ్ల ప్రాయమున రాజై, 72 సంవత్సరముల 110 దినములు రాజ్యము చేసెను. బాల్యమున తల్లి ఆన్, మంత్రి మజారే రాజ్యభారము వహింపగా, ప్రభువర్గము పాల్గొన్న ఫ్రోండ్ తిరుగుబాటు (1648–1653) కలిగించిన భీతి వలన, 1661లో మజారే మరణించిన పిదప ప్రధానమంత్రిని నియమింపక సర్వాధికారమును స్వహస్తమున నిలుపుకొని, 1682లో ఆస్థానమును వర్సాయికి తరలించి, ప్రభువులను తన సన్నిధిని కట్టివైచెను. అర్థమంత్రి కోల్బేర్ పూనికతో 1664లో స్థాపితమైన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1669లో మచిలీపట్నమున వర్తకస్థానము నెలకొల్పెను. ప్రొటెస్టంటులకు మతస్వేచ్ఛ నొసగిన నాంట్ శాసనమును 1685లో రద్దుచేయుట ఆ పాలనలోని మహాదోషము. తత్ఫలితముగా లక్షలాది ప్రొటెస్టంటులు, వారిలో నిపుణులైన శిల్పులును వర్తకులును, దేశాంతరగతులైరి. 1715 సెప్టెంబరు 1న లూయీ మరణింపగా, ఐదేండ్ల మునిమనుమడు పదునైదవ లూయీ నామమున రాజయ్యెను.