మూత తీస్తేనే జాతకం

2009 మార్చి 10న వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో అబ్రహాం లింకన్ బంగారు జేబు గడియారాన్ని విప్పారు. డయల్ కింద ఇత్తడి పలక మీద సన్నటి గీతల్లో అక్షరాలు: 1861 ఏప్రిల్ 13 తేదీ, జొనాథన్ డిలన్ అనే పేరు, ఫోర్ట్ సమ్టర్ కోట మీద తిరుగుబాటుదారులు దాడి చేశారన్న కబురు. డిలన్ వాషింగ్టన్‌లో గడియారాలు బాగుచేసేవాడు. అమెరికా అంతర్యుద్ధం మొదలైన వార్త తెలిసేసరికి అధ్యక్షుడి గడియారం అతని చేతిలోనే ఉంది. 1906లో ఈ ముచ్చట న్యూయార్క్ టైమ్స్‌కు చెబుతూ, తాను చెక్కిన మాటల్ని వేరుగా చెప్పాడు. నలభై అయిదేళ్ల కిందటివి మరి!

పాత గడియారం ఊరూ పేరూ లోపలే ఉంటాయి. 19వ శతాబ్దపు అమెరికాలో వాల్తమ్, ఎల్జిన్ కంపెనీలు చాలావరకు యంత్రం మాత్రమే అమ్మేవి. కేసు వేరే కంపెనీది. కొనేవాడు తాహతు కొద్దీ ఎంచుకుంటే దుకాణదారు బిగించి ఇచ్చేవాడు. అందుకే కేసు మీది నంబరు పట్టుకుని తయారైన సంవత్సరం వెతికితే దారి తప్పినట్టే. వెనక మూతలు తీసి, యంత్రం మీద చెక్కిన నంబరు చూడాలి.

కేసులో ‘20 ఏళ్ల గ్యారంటీ’ అని ఉంటే మురిసిపోనక్కర్లేదు. చవక లోహం మీద అతికిన పల్చటి బంగారు రేకు అన్నేళ్లూ అరగదన్న హామీ అది.

నడిపించే ముందు శుభ్రం చేయించాలి. ఎండిన నూనెతో తిప్పితే ఇరుసులు అరుగుతాయి. ఆ తర్వాత రోజూ ఒకే వేళకి కీ ఇస్తే చాలు. ఆనాటి అమెరికన్ యంత్రాల్లో ఎక్కువ భాగం సెకనుకు అయిదుసార్లు కొట్టుకుంటాయి.

వీటిలో రైల్వే గడియారాలది వేరే దర్జా. 1891 ఏప్రిల్ 18న ఒహాయోలోని కిప్టన్ దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాయి. ఇంజన్ డ్రైవరు గడియారం నాలుగు నిమిషాలు వెనకబడడమే కారణమని చెబుతారు. దాంతో క్లీవ్‌లాండ్ నగల వ్యాపారి వెబ్ బాల్‌కు రైల్వే గడియారాల తనిఖీ అప్పగించారు. వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదన్న నిబంధన స్థిరపడింది. కీ ఇచ్చే బొడిపె పొరపాటున లాగితే టైము మారకూడదు కదా, అందుకు ముందు అద్దం చట్రాన్ని విప్పి, డయల్ అంచున దాగిన చిన్న మీటను లాగితేనే ముళ్లు కదిలే ఏర్పాటు చేశారు. ఇది తెలియని మనవలు బొడిపెతో కుస్తీ పట్టి, గడియారం పాడైందనుకుని మళ్లీ పెట్టెలో పడేస్తుంటారు.