తెలుగు సినిమా పుట్టినరోజు: ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీ - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

సంప్రదాయ పండుగలకు పంచాంగం ప్రమాణం. సినిమా పండుగలకు అటువంటి ప్రమాణగ్రంథం లేదు. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ కేంద్రంగా ఉన్న తెలుగు చిత్రపరిశ్రమ తన స్మారక దినాలను తానే నిర్ణయించుకొంటున్నది. దాసరి నారాయణరావు జన్మదినమైన మే 4 దర్శకుల దినోత్సవమైంది. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలైంది. అదే సంస్థ ‘మహానటి’ని 2018లో అదే తేదీన విడుదల చేసింది. పూర్వం యాభై రోజులు, వంద రోజులు, రజతోత్సవం అంటూ ఆడిన రోజులను లెక్కించిన ప్రేక్షకలోకం, ఇప్పుడు విడుదలై ఎన్నేళ్లయిందో లెక్కిస్తున్నది. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ని మళ్లీ ప్రదర్శించడం ఈ ధోరణికి ఊతమిచ్చింది.

ఈ తేదీలన్నీ సమీప గతానివి. వాటి నిర్ధారణ కష్టం కాదు. అన్నిటికీ మూలమైన తెలుగు సినిమా పుట్టినరోజు మాత్రం చాలాకాలం తప్పుగా ప్రచారంలో ఉండినది. ఆ తప్పు సవరణకు వచ్చిన తీరును, దాని పర్యవసానాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాత తేదీ - కొత్త ఆధారాలు

హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన ‘భక్త ప్రహ్లాద’ తొలి పూర్తి తెలుగు టాకీ. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం దీనికి ఆధారం. సురభి కమలాబాయి, మునిపల్లె సుబ్బయ్య ప్రధాన పాత్రధారులు. చందాల కేశవదాసు పాటలు రచించారు. ఈ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు గ్రంథాలు, పత్రికలు ఒకదానిని చూసి మరొకటి రాస్తూ వచ్చాయి.

పాత్రికేయుడు, పరిశోధకుడు రెంటాల జయదేవ సమకాలిక ఆధారాలను పరిశీలించి దీనిని సవరించారు. చిత్రానికి బొంబాయిలో సెన్సారు ధ్రువపత్రం లభించినది 1932 జనవరి 22న. అక్కడి కృష్ణా సినిమా థియేటరులో అది ఫిబ్రవరి 6న విడుదలైంది. మద్రాసులో ఏప్రిల్ 2న ప్రదర్శితమైంది. సెన్సారు కాని చిత్రం నాలుగు నెలల ముందే విడుదల కావడం అసంభవం కనుక, పాత తేదీ నిలవదు. ఎన్ని పుస్తకాలలో పునరుక్తమైనా సమకాలిక పత్రం ముందు పరంపరాగత కథనం బలహీనమే.

మారిన క్రమం

ఈ సవరణ కేవలం నాలుగైదు నెలల తేడా కాదు. ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డిదే అయిన ‘కాళిదాస్’ అదే సంవత్సరం అక్టోబరు 31న మద్రాసులో వెలువడింది. తమిళ, తెలుగు మాటలు, పాటలు కలగలిసిన చిత్రమది. పాత తేదీ ప్రకారం దక్షిణభారత తొలి టాకీ గౌరవం ‘భక్త ప్రహ్లాద’ది, కొత్త తేదీ ప్రకారం ‘కాళిదాస్’ ముందుంటుంది. అంటే సత్యాన్ని అంగీకరించడానికి తెలుగువారు ఒక ప్రాథమ్యాన్ని వదులుకోవలసి వచ్చింది. అయితే, తెలుగు మాట తెరపై తొలిసారి వినిపించినది ‘కాళిదాస్’లోనే అన్న వాస్తవం దీనివల్ల మరింత స్పష్టమవుతున్నది.

ఉత్సవాల లెక్క కూడా మారింది. హైదరాబాదులో తెలుగు సినిమా వజ్రోత్సవాలు 2007 జనవరి చివర జరిగాయి. పాత తేదీ ప్రకారం డెబ్బయి అయిదేళ్లు అంతకు నాలుగు నెలల ముందే నిండాయి. కొత్త తేదీ ప్రకారం ఇంకా కొద్దిరోజులు మిగిలి ఉన్నాయి. తెలుగు ఫిలిం ఛాంబర్ 2025లో ఫిబ్రవరి 6ను తెలుగు సినిమా దినోత్సవంగా ప్రకటించడంతో పరిశోధన ఫలితానికి పరిశ్రమ ఆమోదం లభించింది.

ఏది పుట్టుక?

ఇక్కడ మరొక ప్రశ్న మిగులుతుంది. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్‌ల కృషితో మూకీ చిత్రం ‘భీష్మ ప్రతిజ్ఞ’ 1921లోనే వచ్చింది. చిత్రనిర్మాణమే ప్రమాణమైతే పుట్టుక అక్కడ ఉంది. ఫిబ్రవరి 6ను ఎంచుకోవడంలో పరిశ్రమ మరొక ప్రమాణాన్ని స్వీకరించింది: బొమ్మ కాదు, భాష. బొంబాయిలో తయారై, అక్కడే విడుదలైన చిత్రం తెలుగు చిత్రమైనది అందులోని మాట, పద్యం, పాట తెలుగువి కావడం వల్లనే. ప్రాంతం, పెట్టుబడి, సాంకేతికత ఇక్కడివి కాకపోయినా భాష దానికి జాతీయతను ఇచ్చింది.

ముగింపు

స్మారకదినం ఒక వేడుక మాత్రమే కాదు, ఒక చారిత్రక ప్రతిపాదన. ఏ సంఘటనను ఆదిగా భావించాలో అది నిర్దేశిస్తుంది. సెప్టెంబరు 15 అభిమానం నిలిపిన తేదీ. ఫిబ్రవరి 6 ఆధారం నిలిపిన తేదీ. సినిమా చరిత్రను సాహిత్యచరిత్రతో సమానమైన పాఠపరిష్కరణ దృష్టితో చదవాలని ఈ ఉదంతం నిరూపిస్తున్నది. తెలుగు సినిమా దినోత్సవం ప్రధానంగా తెలుగు మాట తెరకెక్కిన దినం కనుక, ఆ బాధ్యత చిత్రపరిశ్రమతోపాటు తెలుగు శాఖలది కూడా.