రాతి మీద లేని తల్లి

వంశవృక్షం గీయడానికి కూర్చున్నవాళ్లకు సమాధిరాయి ఇచ్చేంత ధైర్యం మరేదీ ఇవ్వదు. తాత చెప్పిన కథ నోరు మారినకొద్దీ మారుతుంది, రాయి మారదు. మచిలీపట్నంలో, భీమునిపట్నంలో మిగిలిన డచ్చివాళ్ల సమాధుల్నే చూడండి. పేరు, చనిపోయిన తేదీ, కొన్నిటిమీద వంశ చిహ్నం కూడా లోతుగా చెక్కి ఉంటాయి. 1825 నాటికి ఈ తీరంలోని డచ్చి స్థావరాలు ఇంగ్లీషువాళ్ల పరమైనా రాళ్లు మాత్రం నిలిచాయి. మద్రాసు రాజధానిలోని అలాంటి కట్టడాల మీద అలెగ్జాండర్ రీ 1897లో ఒక పుస్తకమే వేశాడు. పూర్వీకుల్ని వెతికేవాడికి ఇంకేం కావాలి అనిపిస్తుంది. నాకు మాత్రం అక్కడే అనుమానం మొదలవుతుంది. రాయిని చనిపోయినవాడు చెక్కించుకోడు, బతికున్నవాళ్లు చెక్కిస్తారు. కాబట్టి రాయి మీది తేదీని చాలావరకు నమ్మవచ్చు గాని, అది చూపించే కుటుంబాన్ని పూర్తి కుటుంబం అనుకోకూడదు.

హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, అయిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ సంగతి తీసుకుందాం. 1805 అక్టోబరు 15న కలకత్తాలో చనిపోయాడు. అక్కడి సెయింట్ జాన్స్ చర్చిలోని స్మారక ఫలకం ఆయన కొలువు గురించీ హోదా గురించీ చెబుతుంది. హైదరాబాదులో ఆయన పెళ్లాడిన ఖైరున్నిసా బేగం ఆ పొగడ్తలో ఎక్కడా కనబడదు. ఆమె సయ్యదుల ఇంటి ఆడపిల్ల, ఇద్దరు పిల్లల తల్లి. ఆ పిల్లలు సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. తండ్రి పోయిన ఏడాదే, అయిదేళ్లయినా నిండకుండానే వాళ్లను ఓడెక్కించి ఇంగ్లండు పంపేశారు. 1806 మార్చిలో లండన్‌లో బాప్తిస్మం జరిగేసరికి వాళ్లు విలియం జార్జి, కేథరిన్ అరోరా అయిపోయారు. ఒక్క పూటలో పేర్లతోపాటు తల్లివైపు ఆనవాలంతా చెరిగిపోయింది. 1813లో హైదరాబాదులో ఖైరున్నిసా కన్నుమూసింది. పిల్లలు మళ్లీ ఆమె కంటబడనే లేదు.

ఇక ఇల్లు. కోఠిలో కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టించిన రెసిడెన్సీ భవనం, ఆ తర్వాత మహిళా కళాశాల అయినది, ఇప్పటికీ పొడుగాటి స్తంభాలతో నిలబడి ఉంది. దర్బారు హాలు చూసినవాడికి కంపెనీ దర్పం అర్థమవుతుంది. ఖైరున్నిసా కాపురమున్న జెనానా, రంగమహల్, మాత్రం తర్వాతి దొరల కాలంలో నేలమట్టమైంది. తోటలో ఆ పెద్ద మేడకు ఒక బుల్లి నమూనా ఉంది. పరదా దాటి రాలేని భార్యకు మేడ మొత్తం చూపించడానికే దాన్ని కట్టించాడని జనం చెప్పుకుంటారు. అది నిజమో కాదో గాని, ఆ ఇంట్లో ఒక ఆడమనిషి బతికిందని గుర్తుచేయడానికి మిగిలినవాటిలో అదొకటి.

దీనికి ఎవరైనా అడ్డు చెప్పవచ్చు: రాయి లేనిచోట కథ అల్లితే అది చరిత్ర అవుతుందా అని. న్యాయమైన ప్రశ్నే. అయితే ఖాళీ చూపించడం వేరు, కల్పనతో దాన్ని పూడ్చడం వేరు. ఈ కుటుంబం విషయంలో ఖాళీ పూడింది సాక్ష్యంతోనే. కిట్టీగా పెరిగిన సాహిబ్ బేగం ఇంగ్లండులో స్వాలోఫీల్డ్ అనే పాత ఇంటికి వెళ్లి, గోడమీద తన చిన్ననాటి బొమ్మను, అన్నతో కలిసి ఉన్నదాన్ని చూసింది. 1805లో మద్రాసులో జార్జి చినరీ గీసిన చిత్రం అది. ఆ ఇంటి యజమాని హెన్రీ రసెల్ ఒకప్పుడు హైదరాబాదులో ఆమె తండ్రి దగ్గర పనిచేసినవాడే. 1840లలో హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నిసాకూ ఆమెకూ ఉత్తరాలు నడిచాయి. చర్చి గోడ మీద పలకా, బాప్తిస్మపు రిజిస్టరూ ఇవ్వలేని తల్లివైపు చుట్టరికాన్ని ఒక బొమ్మా కొన్ని ఉత్తరాలూ ఇచ్చాయి.

ఇంకొకరు అనవచ్చు: మనలో ఎక్కువమందిమి దహనం చేసేవాళ్లం, సమాధులతో మనకేం పని అని. కాని మన ఇంటిపేరూ గోత్రమూ చేసే పని కూడా అదేగా. ఊరి పేరును, తాతముత్తాతలను ముందు తరాలకు మోసుకొస్తాయి. పెళ్లయిన ఆడపిల్ల గోత్రం మారుతుంది, చాలా ఇళ్లలో ఇంటిపేరూ మారుతుంది. తద్దినంలో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి దాకా పేర్లు పలుకుతారు, అదీ మెట్టినింటి గోత్రంతోనే. నాయనమ్మ పుట్టింటివాళ్లెవరని అడిగి చూడండి, ఎన్ని ఇళ్లలో జవాబు వస్తుందో.