ముప్పదితొమ్మిది అంకెల ప్రధానసంఖ్య

ఒకటియు, తానును తప్ప వేరొక భాజకము లేని సంఖ్యను ప్రధానసంఖ్య యందురు. 2, 3, 5, 7, 11 ఇట్టివి. వీనికి అంతము లేదని యూక్లిడ్ ప్రాచీనకాలముననే నిరూపించెను. కాని ఒక మహాసంఖ్యను చూపి, ఇది ప్రధానసంఖ్య యగునా కాదా యని యడిగినచో బదులు చెప్పుట సులభము కాదు.

పారిస్ నగరమున నివసించిన మెర్సెన్ అను క్రైస్తవ సన్యాసి 1644లో ఒక పట్టిక ప్రకటించెను. కొన్ని రెండ్లను వరుసగా హెచ్చవేసి, లబ్ధమునుండి ఒకటి తీసివేయుదము. అట్లు హెచ్చవేసిన రెండ్ల సంఖ్యయే ఘాతము. 257 వరకు గల ఘాతములలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అనునవి మాత్రమే ప్రధానసంఖ్యల నిచ్చునని ఆయన వ్రాసెను, నిరూపణము చూపలేదు. 31ని గూర్చిన మాట నిజమని ఆయిలర్ 1772లో తేల్చెను. తక్కిన పెద్ద ఘాతములు మరి నూరేండ్లు తేలక నిలిచినవి.

1876లో ఫ్రాన్సు దేశీయుడగు ఎడువార్ లూకాస్ భాజకములను వెదకు పద్ధతిని విడిచి క్రొత్త పరీక్షను కల్పించెను. దానిని తరువాత అమెరికా గణితజ్ఞుడు లేమర్ సులభపరచెను. ఘాతము 7 అనుకొందము. పరీక్షింపవలసిన సంఖ్య 127. 4తో ఆరంభించి, దానిని వర్గము చేసి, 2 తీసివేసి, 127చే భాగించి శేషమును గ్రహింపవలెను. ఆ శేషమునకు మరల నిదే క్రియ. వరుసగా 14, 67, 42, 111, 0 వచ్చును. ఘాతముకంటె రెండు తక్కువగు మారునకు, అనగా ఐదవ మారునకు, శేషము సున్న యైనది గనుక 127 ప్రధానసంఖ్య.

ఇట్టి మార్గముననే లూకాస్ ఘాతము 127ను పరీక్షించి, 39 అంకెలుగల 170141183460469231731687303715884105727 ప్రధానసంఖ్య యని తేల్చెను. గణనయంత్రములు లేని నాటి శ్రమ అది. 1951 వరకు, అనగా 75 ఏండ్లు, ఇంతకంటె పెద్ద ప్రధానసంఖ్య యెవ్వరికిని తెలియలేదు.

ఆ యేడే లూకాస్ ఘాతము 67 విషయమున మెర్సెన్ మాట తప్పని కనుగొనెను. అయినను దాని భాజకములు తెలియరాలేదు. 1903లో అమెరికా గణితసంఘ సభయందు కోల్ వానిని చూపెను: 193707721, 761838257287. ఘాతము 257 కూడ తప్పేనని పిమ్మట తేలినది. 61, 89, 107 ఘాతములను మెర్సెన్ విడిచినాడనియు బయటపడినది.

మెర్సెన్ 127 విషయమున సత్యమే పలికెను. 67 విషయమున పొరబడెను. రెంటికిని ఆధారము ఆయన వాక్కే. రెండువందల ఏండ్లకు పైగా సత్యము నసత్యమునుండి వేరుచేయు సాధనము లోకమునకు లేకపోయెను. లూకాస్ ఇచ్చినది ఒక సంఖ్య మాత్రమే కాదు, ఆ సాధనము. 2024లో కనుగొన్న, ఘాతము 13,62,79,841 గల ప్రధానసంఖ్యకు 4,10,24,320 అంకెలున్నవి. యంత్రములు మారినవి, తుది నిర్ణయము చేసినది మాత్రము లూకాస్–లేమర్ పరీక్షయే.