సహస్రారం

యోగ, తంత్ర సంప్రదాయాల ప్రకారం నడినెత్తిన, బ్రహ్మరంధ్రం దగ్గర ఉండే వెయ్యి రేకుల పద్మం సహస్రారం. పసిపిల్లలకు నూనె పెట్టే మాడు ఉన్నచోటే ఇదీ ఉంటుందని చెబుతారు. మూలాధారం నుంచి ఆజ్ఞ దాకా ఉన్నవి షట్చక్రాలు. వాటిపైన ఉండే సహస్రారాన్ని పాత గ్రంథాలు సాధారణంగా ఆ లెక్కలో కలపవు. ‘ఏడో చక్రం’ అనడం ఇటీవల బలపడిన వాడుక. మూలాధారంలో నిద్రాణంగా ఉండే శక్తి అయిన కుండలిని, వెన్ను నడుమనున్న సుషుమ్న నాడి గుండా పైకి లేచి ఇక్కడ శివుణ్ణి కలుస్తుందని తంత్రశాస్త్రం చెబుతుంది. అయితే ఇక్కడికి చేరితే జ్ఞానం వచ్చినట్టేనా అన్న ప్రశ్నకు సంప్రదాయాలు ఒక్కమాట మీద లేవు.

స్వరూపం

ఇవాళ యోగా కేంద్రాల గోడల మీద కనిపించే చక్రాల బొమ్మలకు ప్రధాన ఆధారం బెంగాల్‌కు చెందిన పూర్ణానంద యతి 1577లో రాసిన ‘షట్చక్రనిరూపణం’. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి జాన్ ఉడ్రఫ్ ‘ఆర్థర్ అవలాన్’ అన్న మారుపేరుతో 1919లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాక విదేశాలకూ పాకింది. ఆ గ్రంథంలోని సహస్రారం నిండు చందమామను మించిన తెలుపు. పువ్వు ముఖం కిందికి వాలి ఉంటుంది. కింది ఆరు పద్మాలకు వరసగా 4, 6, 10, 12, 16, 2 రేకులు. అన్నీ కలిపితే 50. సంస్కృత అక్షరాలూ ఈ లెక్కలో 50, రేకుకు ఒకటి చొప్పున. ఆ అక్షరమాల 20 మార్లు ఆవృత్తమైతే సహస్రారపు వెయ్యి రేకులు పూర్తవుతాయి. శివసంహిత ఈ స్థానాన్ని కైలాసం అంటుంది. బౌద్ధుల హేవజ్ర తంత్రంలో చక్రాలే నాలుగు, శిరస్సులోని పద్మానికి 32 రేకులు.

తెలుగు ఇళ్ళలో ఈ పేరు ఎక్కువగా వినిపించేది లలితా సహస్రనామ పారాయణంలో. అందులో ఒక్కో చక్రానికి ఒక యోగిని, ఆమెకు ఇష్టమైన నైవేద్యం ఉన్నాయి. విశుద్ధంలోని డాకినికి పాయసం, అనాహతంలోని రాకినికి నెయ్యన్నం, మణిపూరంలోని లాకినికి బెల్లపన్నం, స్వాధిష్ఠానంలోని కాకినికి పెరుగన్నం ఇష్టం. మూలాధారంలోని సాకినికి పెసరపప్పుతో వండిన అన్నం, అంటే మన పులగం. ఆజ్ఞలోని హాకినికి పసుపన్నం. సహస్రారంలోని యాకిని దగ్గరికి వచ్చేసరికి ఈ ఎంపిక ఉండదు. అన్ని రంగులూ ఆమెవే, అన్ని ఆయుధాలూ ఆమెవే, ఏ అన్నం పెట్టినా ఆమెకు ప్రీతే. సహస్రారమంటే ఏమిటో చెప్పడానికి పెద్ద పెద్ద వ్యాఖ్యానాల కంటే ఈ నైవేద్యాల వరసే మేలు.

పూర్వచరిత్ర

హృదయం నుంచి 101 నాడులు బయలుదేరుతాయని, వాటిలో తలకు పోయే ఒక్కదాని వెంట వెళ్ళినవాడికే అమృతత్వమని కఠ, ఛాందోగ్య ఉపనిషత్తులు చెప్పాయి. పద్మాలు, రేకులు అక్కడ లేవు. పతంజలి యోగసూత్రాల్లోనూ షట్చక్రాల ఊసు లేదు. నాభిచక్రం మీద సంయమం (ధారణ, ధ్యానం, సమాధి కలిసిన ఏకాగ్రత) చేస్తే శరీర నిర్మాణం తెలుస్తుందని, మూర్ధంలోని జ్యోతి మీద చేస్తే సిద్ధుల దర్శనం అవుతుందని మాత్రం ఉంది.

జ్ఞానం అంటే ఏమిటి

పతంజలి చెప్పిన గమ్యం కైవల్యం. పురుషుడు ప్రకృతి నుంచి విడివడి తన స్వరూపంలో తాను నిలవడం. తంత్రం చెప్పేది శివశక్తుల సంయోగం. విడిపోవడాన్నీ కలిసిపోవడాన్నీ ‘ఆత్మజ్ఞానం’ పేరిట ఒకే గాటన కట్టే పుస్తకాలు బజారులో చాలా ఉన్నాయి. వాటితో పాఠకుడికి గందరగోళమే మిగులుతుంది.

శంకరాచార్యులకు ఆపాదించే సౌందర్యలహరిలో 9వ శ్లోకం కుండలిని సహస్రారానికి ఎక్కడాన్ని, 10వ శ్లోకం నాడులన్నిటినీ అమృతంతో తడిపి తిరిగి మూలాధారానికి దిగడాన్ని వర్ణిస్తాయి. అంటే పైకి చేరాక దిగిరావడమూ సాధనలో భాగమే. ప్రతాపరుద్ర గజపతి ఆస్థానంలో ఉన్న లొల్ల లక్ష్మీధరుడు సౌందర్యలహరికి రాసిన వ్యాఖ్యలో సమయాచారాన్ని సమర్థించాడు. బయటి పూజాద్రవ్యాలతో పని లేకుండా సహస్రారంలోనే దేవిని మనసుతో అర్చించే పద్ధతి అది.

రమణ మహర్షి అసలు సహస్రారాన్ని చివరి మెట్టుగానే ఒప్పుకోలేదు. అక్కడి వెలుగు హృదయం నుంచి వచ్చిందేనని, శక్తి మళ్ళీ హృదయంలోకి దిగి లీనమవ్వాలని ఆయన బోధ. కేవల నిర్వికల్ప సమాధిని ఆయన బావిలో మునిగిన చేదతో పోల్చారు. తాడు ఇంకా ఉంది కనుక మనసును మళ్ళీ పైకి లాగవచ్చు. సహజ సమాధిలో లాగడానికి మనసే మిగలదు. ఆయనకు 1907లో రమణ మహర్షి అన్న పేరు పెట్టింది బొబ్బిలి దగ్గరి కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతిముని. 1922లో తిరువణ్ణామలైలో తపస్సు చేస్తుండగా గణపతిమునికి కపాలభేదం జరిగిందని, అంటే నడినెత్తిన కపాలం విచ్చుకుందని శిష్యులు రాశారు.

శరీరంలో ఉందా?

దయానంద సరస్వతి యువకుడిగా ఉన్నప్పుడు గంగలో కొట్టుకొస్తున్న శవాన్ని ఒడ్డుకు లాగి కత్తితో కోశారు. చేతిలోని హఠయోగ గ్రంథాల వర్ణనలతో పోల్చి చూశారు. గుండెలో గానీ తలలో గానీ ఏదీ సరిపోలలేదు. పుస్తకాలు చింపి శవంతోపాటే నదిలో పారేశానని స్వయంగా రాసుకున్నారు. చక్రాలు ధ్యానం కోసం భావించే స్థానాలని, కోసి చూస్తే దొరికే అవయవాలు కావని చాలామంది పండితుల అభిప్రాయం. ఇదే సబబు. సహస్రారానికి ఊదారంగు పులమడం, పీనియల్ గ్రంథితో ముడిపెట్టడం దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) ప్రభావంతో 20వ శతాబ్దంలో వచ్చిన అలవాట్లు. ఆ సమాజానికే చెందిన లెడ్‌బీటర్ 1927లో తెచ్చిన పుస్తకంలో రేకులు వెయ్యి కూడా కావు. అంచున 960, నడుమ 12.

సాధన ప్రమాదాలకు అందరూ ఉదహరించేది గోపీకృష్ణను. కశ్మీరుకు చెందిన ఈ ప్రభుత్వోద్యోగి నెత్తిమీద పద్మాన్ని భావిస్తూ ఏళ్ళ తరబడి ధ్యానం చేశాడు. 1937 డిసెంబరులో జమ్ములో ఉండగా ఒళ్ళంతా వెలుగు ముంచెత్తినట్టు అనిపించింది. ఆ తర్వాత నిద్ర కరవైంది, ఆకలి చచ్చింది, ఒళ్ళు మంటలెత్తింది. ఆ అవస్థను ఏళ్ళ తరబడి పడ్డాడు. ఆ కథంతా 1967లో పుస్తకంగా రాశాడు. ధ్యానం మొదలుపెట్టాక ఇలాంటి లక్షణాలు కనిపిస్తే, కుండలిని లేచిందని సంబరపడకుండా సాధన ఆపి ముందు డాక్టరును కలవండి.