ముల్లు ఆడితే మీటరు మార్చకు

మా రోజుల్లో డాష్‌బోర్డంటే ఏముందిరా! ఓ స్పీడు మీటరు, పెట్రోలు ముల్లు, ఇంజన్ వేడి చెప్పే ముల్లు, ఛార్జింగుకో దీపం, ఆయిలుకో దీపం. అంతే. బెజవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు అంబాసిడర్లు, ఫియట్లు వరసకట్టి ఉండేవి. 1983 చివర్లో మారుతి రోడ్డెక్కేదాకా రాజ్యమంతా వాటిదే.

చెడిపోయిన బండి బాగుచెయ్యడం తేలికే నాన్నా. చెడిపోయిందని చెప్పి, షెడ్డుకి రాగానే శుభ్రంగా పనిచేసే బండితోనే చావు. ఓనరేమో ‘పొద్దున పోయిందండీ, ఒట్టు’ అంటాడు. మనం చూస్తే అన్నీ వెలుగుతూనే ఉంటాయి. అలాంటి బండి వస్తే మా మేస్త్రీ స్క్రూడ్రైవరు ముట్టుకునేవాడు కాదు. ‘ఎప్పుడొస్తోంది? ఎండలోనా, వానలోనా? గతుకుల్లోనా? లైట్లేస్తేనా?’ అని అడిగేవాడు. సగం రోగం ఆ జవాబులోనే దొరికేది.

ఓసారి ఓ డాక్టరు గారు కారు తెచ్చారు. వేడి ముల్లు ఉన్నట్టుండి పైకి లేస్తోందట. ఇంకోచోట చూపిస్తే రేడియేటరు కడిగారు, థర్మోస్టాట్ మార్చారు. ముల్లు మాత్రం మాట వినలేదు. మా మేస్త్రీ ఒకటే అడిగాడు: ‘అయ్యా, అప్పుడు పెట్రోలు ముల్లు ఎక్కడుంటోంది?’ డాక్టరు గారు కాస్త ఆలోచించి, ‘అవునయ్యా, సగం ట్యాంకున్నా నిండుగా చూపిస్తోంది’ అన్నారు. ఇంకేముంది! రెండు ముళ్లూ ఒకేసారి అబద్ధమాడుతున్నాయంటే తప్పు ముళ్లలో లేదు, ఆ రెండింటికీ కరెంటిచ్చే చోట ఉంది.

ఆ కాలపు చాలా కార్లలో మీటర్ల వెనక చిన్న రేకు డబ్బా ఉండేది, వోల్టేజి స్టెబిలైజరని. బ్యాటరీ 12 ఇచ్చినా, ఇంజన్ తిరిగేటప్పుడు 14 వచ్చినా, అది సగటున 10 వోల్టులే మీటర్లకి పంపేది. లోపల సన్నని రేకు వేడెక్కి వంగుతుంది, కరెంటు తెగుతుంది. చల్లారితే మళ్లీ తగులుకుంటుంది. ఆ డబ్బాకి ఎర్త్ పోయిందనుకో, రేకు వేడెక్కదు, కరెంటు తెగదు. బ్యాటరీ వోల్టేజంతా తిన్నగా మీటర్లకి పోతుంది, ముళ్లు రెండూ ఎగబాకుతాయి. మా మేస్త్రీ వెల్లకిలా దూరి, ఆ డబ్బా స్క్రూ విప్పి చూపించాడు. కింద ఆకుపచ్చగా చిలుము. కత్తి మొనతో గీకి, ఎమెరీ కాగితంతో రుద్ది, గట్టిగా బిగించాడు. ముళ్లు వాటి చోట్లలో కూర్చున్నాయి.

ఆ లెక్క ఈనాటికీ చెల్లుతుంది. ఒక్క ముల్లే తప్పుతుంటే ట్యాంకులోనో ఇంజన్ మీదో ఉన్న దాని యూనిట్‌నీ, వైరునీ చూడు. అన్నీ కలిసి తప్పుతుంటే కరెంటొచ్చే దారి, ఎర్త్ చూడు. ఇండికేటరు వేసినప్పుడల్లా ఆ తాళానికి ముల్లు ఆడుతోందంటే ఎర్త్ బలహీనంగా ఉన్నట్టే. సరైన దారి దొరక్క కరెంటు పక్క దీపాల గుండా ఇంటికి పోతోంది. పాత బండిలో స్పీడు ముల్లొక్కటే వణుకుతుంటే అసలు కరెంటు జోలికే పోకు. గేరు బాక్సు నుంచి వచ్చే కేబులు ఎండిపోయుంటుంది, అంతే.

ఇప్పుడు నీ కారు సంగతి. మధ్యాహ్నం ఎండకి అంకెలు మాయమై, రాత్రి చల్లబడ్డాక వస్తున్నాయన్నావు. వేడికి సాగి చలికి ముడుచుకుని ఏళ్ల తరబడి నలిగితే బోర్డు మీద సోల్డరింగు పిన్నుల చుట్టూ వెంట్రుకంత పగులు వస్తుంది. అదే అనుకుంటున్నాను. అయినా నేరుగా బోర్డు విప్పకు. ముందు బ్యాటరీ చూడు. ఆపి ఉంచిన బండికి 12.6 వోల్టుల చుట్టూ, ఇంజన్ తిరుగుతుంటే 14 చుట్టూ ఉండాలి. టెర్మినల్ మీద తెల్లగా పూసిన బూజు వేడినీళ్లతో కడిగి, ఆరాక వాజిలైన్ రాయి. తర్వాత లైట్లన్నీ వేసి, మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది మీటరు బోర్డు ఎర్త్‌కి పెట్టు. 0.2 వోల్టులు దాటితే దొంగ దొరికినట్టే. అక్కడా బాగుంటే ఫ్యూజు కాళ్లు, వెనక సాకెట్టు చూడు. ఇంజన్ నడుస్తుండగా వైర్ల కట్టని మెల్లగా కదుపు. ఎక్కడ కదిపితే అంకెలు మినుకుమంటాయో అక్కడ ఆగు.

ఇవన్నీ అయ్యాకే బోర్డు. ఎయిర్‌బ్యాగున్న బండి కాబట్టి నెగటివ్ తీసేసి, కంపెనీ పుస్తకంలో రాసినంతసేపూ ఆగాకే చెయ్యి పెట్టు. పగిలిన పిన్నులకి సోల్డరింగు తెలిసినవాడి చేత కొత్తగా సీసం పట్టించు. పాత సామాన్ల కొట్లో మీటరు తెచ్చి బిగిస్తే మాత్రం బండి తిరిగిన కిలోమీటర్ల లెక్క మారిపోతుంది. రేపు అమ్మేటప్పుడు కొనేవాడికి ఏం చెబుతావు?

ఇంకో మాట. రోగం వచ్చిన రోజు, వేళ, ఎండ, వాన, అప్పుడు ఏ స్విచ్చు వేసున్నావో ఓ కాగితం మీద రాసి మెకానిక్ చేతిలో పెట్టు. కాగితం చదవకుండానే ‘మీటరు మార్చాలి’ అనేవాడి దగ్గర బండి వదలకు. ముందు ఎర్త్ చూడు, తర్వాతే పర్సు తియ్యి.